మీ ముత్తాత పేరు ఏ రికార్డులో దొరుకుతుంది? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కోసం ఒక పోలిక

ముత్తాత పేరు తెలుసు, ఊరు తెలుసు, అంతకు మించి ఏమీ తెలీదు. మన రెండు జిల్లాల్లో కుటుంబ చరిత్ర వెతకడం మొదలుపెట్టిన చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. వెంటనే తోచేది జనన మరణాల రిజిస్టర్. ఆ పని మీద తహసీల్దార్ ఆఫీసుకి వెళ్తారు, అక్కడ దొరకదు, ఇక మనవాళ్ళ రికార్డులు ఎక్కడా లేవని అనుకుని వదిలేస్తారు. రికార్డులు ఉన్నాయి. కాకపోతే అందరికీ ఒకే చోట ఉండవు.

ఏ ఆఫీసుకి వెళ్ళాలో తేల్చుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఆయన పేరు కాగితం మీద రాసుకోవాల్సిన అవసరం ఆ రోజుల్లో ఎవరికి పడింది? శిస్తు కట్టించుకునే కరణానికా? ఆయన దగ్గర భూమి కొన్నవాడికా? బడి పంతులుకా, చర్చికా, యాత్రికుల పూజలు జరిపించే పూరీ పండాకా? లేక కూలీలని ఓడ ఎక్కించే ఏజెంటుకా? దీనికి జవాబు ఇంటింటికీ మారుతుంది. అందుకే పక్కింటివాళ్ళకి పనికొచ్చిన దారి మీకు పనికిరాకపోవచ్చు. ఎవరికి ఏ దారి నయమో నాకు తోచినట్టు చెబుతాను.

ముందు జిల్లా సంగతి తేల్చుకోండి

ఇది అందరికీ వర్తిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా వచ్చింది 1979 జూన్ 1న. అంతకు ముందు కాగితాల్లో ఈ పేర్లతో జిల్లాలే లేవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రం అయ్యేవరకూ శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ వైపు ఊళ్ళు విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936 తర్వాత గంజాం నుంచి మనకి మిగిలిన ఊళ్ళు కూడా విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి పాలకొండ అటు వెళ్ళింది, రాజాం విజయనగరంలోకి వచ్చింది.

దీంతో ఎంత తిప్పలో ఒక్క ఉదాహరణ చాలు. దక్షిణాఫ్రికా నుంచో ఫిజీ నుంచో ఒకరు తమ ముత్తాత కాగితంలో 'గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా' అని చూస్తారు. గంజాం అంటే ఈ రోజు ఒడిశాలో ఉంది కాబట్టి బరంపురం వెళ్తారు. కానీ చికాకోల్ అంటే శ్రీకాకుళమే, ఆయనది దాని పక్కన ఊరు. కనుక మీ ఊరు 1900లో, 1940లో, 1960లో, 1980లో ఏ తాలూకా, ఏ జిల్లా కింద ఉందో ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ప్రతి ఆఫీసులోనూ అది పనికొస్తుంది.

సెంటు భూమి ఉన్నా సరే, మొదటి దారి దస్తావేజే

భూమి ఉన్న ఇంటివాళ్ళకి రెండు దారులు ఉన్నాయి. ఒకటి రెవెన్యూ రికార్డు, రెండోది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని దస్తావేజు. ఎక్కువమంది రెవెన్యూ వైపే వెళ్తారు, ఎందుకంటే మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1-బి అనే భూమి రికార్డులు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. కానీ అవి ఇప్పటి హక్కుదారుల కోసం తయారైనవి. ముత్తాత వరకూ వెళ్ళాలంటే పాత రికార్డు కావాలి, అక్కడ మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది.

మిగతా కోస్తాలో, రాయలసీమలో రైత్వారీ ఊళ్ళవాళ్ళు, అంటే రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టిన ఊళ్ళవాళ్ళు, పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ చూసి మూడు నాలుగు తరాలు వెనక్కి వెళ్ళగలరు. మన దగ్గర ఎక్కువ ఊళ్ళు జమీందారీవి. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, టెక్కలి, మందస, పర్లాకిమిడి ఎస్టేట్లు దాదాపు ఈ ప్రాంతమంతా పరుచుకుని ఉండేవి. సర్కారుకి జమీందారు ఏటా కట్టే పేష్కషుతోనే (కప్పంతోనే) పని, కింద ఏ రైతు ఏ చెక్క దున్నుతున్నాడో దానికి అక్కర్లేదు. ఆ లెక్కలన్నీ ఎస్టేటు కచేరీలోనూ కరణం ఇంట్లోనూ ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి, సెటిల్‌మెంట్ జరిపి, రైతు పేరు రాసిన మొదటి సర్కారు పుస్తకం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. అంటే జమీందారీ ఊరివాళ్ళకి రెవెన్యూ దారి 1950ల దగ్గర దాదాపుగా ఆగిపోతుంది. శ్రీకాకుళం, పాలకొండ చుట్టూ ఉన్న సర్కారు ఊళ్ళవాళ్ళకి మాత్రం ఇంకొంచెం వెనక్కి వెళ్ళే అవకాశం ఉంది.

రెవెన్యూ రికార్డులో ఫసలీ సంవత్సరాలు, అంటే జూలైలో మొదలయ్యే శిస్తు లెక్కల సంవత్సరాలు ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1359 అంటే 1949 జూలైలో మొదలై 1950 జూన్‌లో ముగిసిన ఏడాది. ఇది తెలీక చాలామంది ఒక తరం అటూ ఇటూ అయిపోతారు.

దస్తావేజు కథ వేరు. 1-బిలో దొరికేది పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం, అంతే. పాత అమ్మకం దస్తావేజు నకలు తీసి చదవండి. 'ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, వ్యవసాయం' అని మొదలవుతుంది. మైనర్లుంటే వాళ్ళ పేర్లు, సంరక్షకురాలిగా తల్లి పేరు వస్తాయి. భూమి ఎందుకు అమ్ముతున్నారో కూడా రాస్తారు: కూతురి పెళ్ళి ఖర్చులకి, పాత తనఖా బాకీ తీర్చడానికి, తండ్రి కర్మకాండకి అయిన అప్పుకి. ఆ భూమి తనకెలా వచ్చిందో రాస్తారు: పిత్రార్జితమా, స్వార్జితమా, అన్నదమ్ముల పంపకంలో వచ్చిందా. ఆ ఒక్క వాక్యంలో ఇంకో తరం తెలిసిపోతుంది.

ఆ తర్వాత హద్దులు. దస్తావేజు చదివేవాళ్ళు దాటేసి వెళ్ళిపోయే చోటు ఇదే, నేనైతే ముందు దీన్నే చదువుతాను. తూర్పు ఫలానా అప్పలస్వామి భూమి, దక్షిణం ఫలానా సింహాచలం భూమి, పడమర వాగు, ఉత్తరం గట్టు. తూర్పు, దక్షిణాల వాళ్ళకి మీ ఇంటిపేరే ఉంటే వాళ్ళు దాయాదులు అయ్యే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే ఒకే చెక్కని అన్నదమ్ములు పంచుకుంటే పక్కపక్కనే పడతారు. రెండు మూడు దస్తావేజుల హద్దులు కలిపి చూస్తే ముత్తాతకి ఎందరు అన్నదమ్ములో తేలిపోతుంది. చివర్లో సాక్షుల పేర్లు చూడండి. వాళ్ళలో ఒకరు బావమరిదో, మేనమామో అయి ఉండొచ్చు. సంతకమా, వేలిముద్రా అన్నది కూడా గమనించండి. చదువుకున్నాడా లేదా అన్నది ఇంకెక్కడా రాసి ఉండదు.

ఇబ్బందులు లేకపోలేదు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువాటికి ఆఫీసుకి వెళ్ళి, ఫీజు కట్టి, ఇండెక్స్ పుస్తకాల్లో వెతికించాలి. మొదటి ఇండెక్స్ మనుషుల పేర్లది, రెండోది ఊళ్ళు, ఆస్తులది. సర్వే నంబరు తెలీకపోయినా పేరుతో వెతకొచ్చు. స్థిరాస్తుల పుస్తకం చూడటానికీ, నకలు తీసుకోవడానికీ చట్ట ప్రకారం ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు, మీరు హక్కుదారులు కానక్కర్లేదు. వీలునామా అయితే రాసినవారు చనిపోయాక ఎవరికైనా నకలు ఇస్తారు. ఇప్పుడు మీ మండలానికి ఉన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కొత్తదైతే, పాత పుస్తకాలు అంతకు ముందు మీ ఊరు ఏ ఆఫీసు కింద ఉందో అక్కడ ఉంటాయి. ఇంకో విషయం, వంద రూపాయల లోపు అమ్మకాలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఎకరం యాభైకి, అరవైకి అమ్ముడైన రోజుల్లో చాలా చిన్న రైతుల కాగితాలు రిజిస్టర్ కాకుండానే పెట్టెల్లో ఉండిపోయాయి. ముందు ఇంట్లో రేకు పెట్టె వెతకండి అని చెప్పేది అందుకే.

రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే దస్తావేజే ఎంచుకోండి. రెవెన్యూ రికార్డుని సర్వే నంబరు పట్టుకోవడానికి వాడుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర పాతకాలపు దస్తావేజు లేఖరి ఎవరైనా ఉంటే ఆయన్ని అడగండి. పాత చేతిరాత చదవడంలో ఆయనకున్న అలవాటు మనకి రాదు.

ఇనాము ఉన్న ఇళ్ళు

అర్చకులు, కరణాలే కాదు, ఊరికి సేవ చేసిన మంగలి, చాకలి, వడ్రంగి, కమ్మరి కుటుంబాలకి కూడా పాతకాలంలో ఇనాము భూములు ఉండేవి. 1860లలో ఇనాం కమిషన్ వాటిని విచారించి రిజిస్టర్లు తయారుచేసింది. అప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదట ఇనాము పొందినవారికి ఏమవుతారు అన్నవి అందులో వేరువేరు గడుల్లో ఉంటాయి. మీ ఇంట్లో 'మాది మాన్యం భూమి' అన్న మాట ఒక్కసారైనా విని ఉంటే దస్తావేజుల కంటే ముందు ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అడగండి. ఒక్క కాగితంతో 1860ల వరకూ వెళ్ళిపోవచ్చు. కలెక్టరేట్‌లో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఊరు పేరు, పాత తాలూకా పేరు రెండూ రాయండి.

మరణ రిజిస్టరా, బడి రిజిస్టరా?

జనన మరణాల నమోదుకి మద్రాసు చట్టం 1899లో వచ్చింది, ఇప్పుడున్న కేంద్ర చట్టం 1969ది. పల్లెల్లో గ్రామాధికారులే ఆ పుస్తకాలు రాసేవారు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయినప్పుడు పుస్తకాలు చేతులు మారాయి, కొన్ని చెదలు పట్టాయి. పుట్టుక నమోదు కంటే చావు నమోదు నయం. పసిపిల్లలకి పేరు పెట్టకముందే రాసేవారు కాబట్టి జననాల్లో చాలాచోట్ల 'మగ', 'ఆడ' అనే ఉంటుంది, తండ్రి పేరు పట్టుకుని వెతకాలి.

మరణం వెతకడానికి మన ఇళ్ళలో ఒక మంచి ఆధారం ఉంది. ఏడు తెలీకపోయినా తద్దినం పెట్టే తిథి తెలుసు. మాఘ బహుళ ఏకాదశి అంటే వెతకాల్సింది ఏటా ఒకటి రెండు వారాల పుటలే. ఏడుని పెద్దవాళ్ళ మాటల్లోంచి పట్టుకోవాలి. విశాఖ మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. 'బాంబులు పడిన ఏడే మీ తాతమ్మ పోయింది' అంటే చాలు. చిత్రభాను, స్వభాను అని సంవత్సరం పేరు చెప్పేవాళ్ళు ఉంటే ఇంకా మంచిది.

బడి రిజిస్టర్ గురించి ఒకే మాట. పుట్టినరోజుకి దాన్ని నమ్మకండి, చేర్చుకున్న మాస్టారు అందాజుగా రాసిన తేదీ అది. జూలై 1న పుట్టినవాళ్ళు మన ఊళ్ళలో అంతమంది ఉండటానికి కారణం అదే. అందులో పనికొచ్చేది తండ్రి లేక సంరక్షకుడి పేరు, ఊరు, ఇంతకు ముందు చదివిన బడి. విజయనగరం మహారాజా వారి కళాశాల లాంటి పాత సంస్థల్లో చదివినవాళ్ళ సంగతి వేరు, అక్కడికి చదువు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మీ పెద్దాయన అలా చదువుకుని ఉంటే ముందు అటే వెళ్ళండి.

పాశ్చాత్య దేశాల వీడియోలు చూసి జనాభా లెక్కల కోసం తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు. మన సెన్సస్‌లో ఇంటింటి వివరాలు చట్ట ప్రకారం రహస్యం, ఎవరికీ ఇవ్వరు. ఆ దారి మానేసి పాత ఓటర్ల జాబితాలు అడగండి. ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు దొరుకుతాయి.

భూమి లేని ఇళ్ళు, ఊరు వదిలిన మనుషులు

ఇంతవరకూ చెప్పినవన్నీ ఎంతో కొంత ఆస్తి ఉన్నవాళ్ళ దారులు. పాలేరుతనం చేసిన తాతలు, కౌలుకి దున్నినవాళ్ళు, సముద్రం మీద బతికిన వాడబలిజలు, ఊరి బయట వాడల్లో ఉన్నవాళ్ళు ఈ పుస్తకాల్లో దాదాపు కనిపించరు. వాళ్ళకి చరిత్ర లేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. వాళ్ళ పేర్లు రాసినవాళ్ళు వేరే ఉన్నారు. 1866, 1889 కరువులు గంజాం ప్రాంతాన్ని తినేశాక, ఊరు వదిలి కూలికి వెళ్ళిన చోట్ల వాళ్ళ పేర్లు రాశారు.

ఇక్కడ మూడు దారులని పోల్చి చూడాలి: ఒప్పంద కూలీగా ఓడెక్కినవారు, రంగూన్ వెళ్ళినవారు, బెంగాల్, అస్సాం వైపు రైలెక్కినవారు.

అన్నిటిలోకీ గట్టి రికార్డు మొదటిది. మారిషస్‌కి 1830ల నుంచి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి 1860 నుంచి, ఫిజీకి మద్రాసు మీదుగా 1903 నుంచి మనవాళ్ళు ఓడలెక్కారు. నేటాల్‌కి 1911 వరకూ వెళ్ళిన 1,52,184 మంది పేర్లు ఓడల జాబితాల్లో ఉన్నాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు కూడా. ఫిజీ పాసులు, అంటే ఓడెక్కే ముందు ఒక్కో కూలీ పేరు మీద రాసిన వలస పత్రాలు, ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్‌ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరివి ఫొటోలతో సహా.

ఒక ఫిజీ పాసు దగ్గర పెట్టుకుని చూడండి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, దగ్గరి బంధువు ఎవరు, ఎత్తు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు, ఒంటి మీద పుట్టుమచ్చో దెబ్బ తాలూకు మచ్చో. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఐదు అడుగుల మూడు అంగుళాలు, కుడి మోకాలి మీద మచ్చ. జమీందారు లెక్కల్లో ఎప్పుడూ పేరు రాని మనిషి ఎత్తుతో సహా నిలబడతాడు. ఆ కాగితం ఆయన్ని గౌరవించడానికి రాసింది కాదు, పారిపోతే పట్టుకోవడానికి రాసింది. అయినా మనకి మిగిలింది అదే.

ఆ పాసుల్లో పేర్ల స్పెల్లింగు మద్రాసు డిపోలో గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. అప్పలస్వామి ఒక్క పేరునే పది రకాలుగా వెతకాలి. సింహాచలం మన దగ్గర మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఉండే పేరు, దాన్నిబట్టి ఆడా మగా తేల్చెయ్యకండి. ఊరి పేరు అర్థం కాకపోతే తాలూకాలోని ఊళ్ళ జాబితా పక్కన పెట్టుకుని పైకి చదవండి. కళ్ళకి దొరకనిది చెవికి దొరుకుతుంది.

రంగూన్ సంగతి పూర్తిగా వేరు. 'రంగం వెళ్ళాడు' అన్న మాట వినని ఇల్లు మన తీర గ్రామాల్లో తక్కువ. అక్కడికి ఒప్పందం మీద కాదు, మేస్త్రీల వెంట టికెట్ కొనుక్కుని ఓడ డెక్ మీద వెళ్ళేవారు. కాబట్టి పాసులు లేవు. బియ్యం మిల్లుల్లో, రేవులో పనిచేసి కొన్నేళ్ళకి తిరిగొచ్చేవారు. 1942లో జపాను వచ్చినప్పుడు అరకాను, మణిపురం కొండల మీదుగా నడిచి వచ్చినవాళ్ళు ఎందరో, దారిలో పోయినవాళ్ళు ఎందరో. ఈ దారిలో సర్కారు కాగితం కంటే ఇంట్లో ఉన్నదే గట్టి ఆధారం: మనియార్డరు రసీదులు, రంగూన్ స్టూడియోలో తీయించుకున్న ఫొటో, దాని వెనక అచ్చు. 1960లలో బర్మా నుంచి కాందిశీకులుగా వచ్చిన కుటుంబాలకి మాత్రం గుర్తింపు పత్రాలు, పునరావాసం కాగితాలు ఉంటాయి. ఊళ్ళో ఇంకెవరు కలిసి వెళ్ళారో అడగండి. ఒకే మేస్త్రీ వెంట ఒకే వాడవాళ్ళు వెళ్ళేవారు కాబట్టి పక్కింటివాళ్ళ ఫొటోలో మీ తాత ఉండొచ్చు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకీ, హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లులకీ, అస్సాం తేయాకు తోటలకీ వెళ్ళినవాళ్ళది మధ్యస్థం. రైల్వేలో పర్మనెంట్ అయితే సర్వీస్ బుక్, పీఎఫ్ నామినేషన్, పింఛను ఆర్డరు ఉంటాయి. నామినేషన్‌లో భార్యాపిల్లల పేర్లు, వయసులు వస్తాయి. టెంపరరీ కూలీ అయితే కష్టం.

చర్చి, పండా

క్రైస్తవ కుటుంబాలకి చర్చి రిజిస్టర్ కంటే మంచి దారి లేదు. కాకపోతే ఏ మిషన్ అన్నది ముందు తెలుసుకోవాలి. విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి వైపు కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు, సాలూరు, పార్వతీపురం వైపు జర్మన్ లూథరన్లు. కేథలిక్కులు, లూథరన్లు పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి ఆ తేదీ పుట్టిన రోజుకి దగ్గరగా ఉంటుంది. బాప్టిస్టులు పెద్దయ్యాక ఇస్తారు, దాన్ని పుట్టుకగా లెక్కేస్తే తరం మారిపోతుంది.

పూరీ, గయ, కాశీ పండాల దగ్గర జిల్లా, ఊరు, కులం వారీగా యాత్రికుల పుస్తకాలు ఉంటాయి. మనవాళ్ళకి పూరీ దగ్గర కాబట్టి ముందు అక్కడే అడగాలి. మీ ఇంట్లో ఎవరైనా వెళ్ళారని గట్టిగా తెలిస్తేనే వెళ్ళండి, పాత జిల్లా పేరు చెప్పండి. దొరికితే తండ్రి, తాత, కొడుకుల పేర్లు ఒకే పుటలో వస్తాయి. ఆడవాళ్ళ పేర్లు అరుదు.

తాతమ్మని ఎలా వెతకాలి

ఇది విడిగా చెప్పకపోతే సగం వంశం మిగిలిపోతుంది. వంశవృక్షం గీసేటప్పుడు తాతమ్మ పేరు ఉన్నా ఆవిడ పుట్టింటి ఇంటిపేరు తెలిసినవాళ్ళు తక్కువ. రెవెన్యూ రికార్డులో ఆవిడ 'ఫలానా వారి భార్య' మాత్రమే. దస్తావేజుల్లో పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చిన దఖలు పత్రాలు వెతకండి, అందులో ఇచ్చేది తండ్రి కాబట్టి పుట్టింటి పేరు, ఊరు తప్పకుండా ఉంటాయి. అందుకే ఆవిడ పుట్టింటి ఊరు ఉజ్జాయింపుగా తెలిసినా ఆ ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా ఇండెక్స్ చూడండి. భర్త పోయాక మనోవర్తి కోసం, వాటా కోసం వేసిన దావాలు ఇంకో దారి. పంపకం దావాల్లో వంశవృక్షం గీసి జతచేస్తారు, మొత్తం కుటుంబం అందులో కనిపిస్తుంది. ఓడెక్కిన ఆడవాళ్ళ విషయంలో పాసులే నయం, అక్కడ ఆడమనిషికీ సొంతంగా ఒక కాగితం, అందులో తండ్రి పేరుకి ఒక గడి ఉన్నాయి.

డీఎన్ఏ టెస్టుల గురించి చాలామంది అడుగుతున్నారు. విదేశాల్లో స్థిరపడ్డ నాలుగో తరం వాళ్ళకి తమలాంటి బంధువులని కలపడానికి అది పనికొస్తుంది. ఇక్కడ ఊళ్ళలో టెస్టు చేయించుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి మీ ఊరేదో అది చెప్పదు. అదే డబ్బు పాత దస్తావేజుల నకళ్ళకి పెట్టండి. ఊరే తెలియనివాళ్ళు పాసు, ఓడ పేరు, ఓడ నంబరు పట్టుకుని మొదలుపెట్టి, అదే ఓడలో అదే తాలూకా నుంచి ఎక్కినవాళ్ళ పేర్లన్నీ రాసుకోండి. ఆ జాబితాలో ఒకే ఊరివాళ్ళు ముగ్గురు నలుగురు వరుస నంబర్లతో కనిపిస్తే, మీ మనిషి పక్కన ఊరి పేరు చెరిగిపోయి ఉన్నా వెతకాల్సిన ఊరు అదే.